తమ్ముడి పెళ్లి అంగీ

మా తమ్ముడు తన పెళ్లి రిసెప్షన్‌లో వేసుకున్న అంగీ మీద పువ్వులు కుట్టింది నేను. ఈ ఒక్క మాటను ఇలా కాగితం మీద పెట్టుకోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. కుట్టమని అడిగింది వాడు. కుట్టింది నేను. కుడుతున్నంతసేపూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది మా అవ్వ, మా కన్నతల్లి. ఇందులో దాచడానికి ఏముంటుందని?

నేను సిద్దిపేటలో పాత బస్టాండు వెనక ఒక గల్లీలో కిరాయి ఇంట్లో ఉంటాను. మాది మొదట నంగునూరు పక్కన చిన్న పల్లె. బాపు, అంటే మా నాయిన, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాకు పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొన్నేళ్లకు ఆయన జబ్బుచేసి పోయాడు. తమ్ముడు అప్పుడింకా ఇంటర్‌లో ఉన్నాడు. మా ఆయన దుబాయిలో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఎందుకుండాలని అవ్వనూ తమ్ముడినీ నా దగ్గరికే తెచ్చుకున్నాను. వాడి డిగ్రీ ఇక్కడే అయింది. బ్యాంకు పరీక్షలకు చదివింది కూడా మా వంటింటి గోడకు ఆనుకునే. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో ఆఫీసరు.

మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాడి అంగీలు నేనే ఉతికాను. వాడికి తెల్ల అంగీలంటే పిచ్చి. కాలర్ మీద సన్నగా చెమట గీత కనబడినా కాలేజీకి పోనని మొండికేసేవాడు. స్నేహితులు ఇంటికి వస్తే, "మా అక్క ఉతికితే పాత అంగీ గూడ కొత్తగైతది" అని చెప్పేవాడు. పక్క గదిలో నుంచి ఆ మాట వింటుంటే ఆ రోజు ఎంత పనున్నా బరువనిపించేది కాదు.

నా బతుకుదెరువు మగ్గం పని. సిద్దిపేటలో మగ్గం అనగానే ముందు చేనేత వాళ్ల మగ్గం గుర్తొస్తుంది. మాది అది కాదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి, దాని ముందు కింద కూర్చుని, కొనకు కొక్కెం ఉన్న సూదితో పువ్వులూ పూసలూ కుట్టే పని. ఎక్కువగా పెళ్లి బ్లౌజులు వస్తాయి. ఈ మధ్య మగవాళ్ల లాల్చీలూ, అంగీలూ కూడా వస్తున్నాయి.

ఈ పని నాకు నేర్పింది మా గల్లీ చివర ఉండే ఒక ముసలి ముస్లిం ఆవిడ, గల్లీ అంతా ఖాలా అని పిలిచే మనిషి. నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి రోజు ఆమె నా చేతికి సూది ఇవ్వలేదు. ఒక పాత కుర్తా, ఒక బకెట్ నీళ్లు ముందు పెట్టింది.

"ముందుగాల ఉతుకుడు నేర్సుకో బేటీ. కుట్టిన నీకే తెల్వకుంటె, కొన్నోళ్లకు ఏం జెప్తవ్?" అంది.

అట్లా ఏ దారం నీళ్లలో రంగు వదులుతుందో, ఏది వదలదో చూసుకోవడంతోనే నా చదువు మొదలైంది. అందుకే ఇప్పటికీ ఎవరికి బట్ట అప్పగించినా, ఎలా ఉతకాలో చెప్పకుండా గడప దాటనివ్వను. కొందరు విసుక్కుంటారు కూడా.

పెళ్లి కుదిరాక ఒక ఆదివారం తమ్ముడు మీగడ రంగు పట్టు బట్ట పట్టుకుని వచ్చాడు.

"అక్కా, రిసెప్షన్‌కు నా అంగీ మీద పని నువ్వే చెయ్యాలె."

"దుకాణంల మస్తు దొరుకుతయ్ గదరా. నాకు పెండ్లిళ్ల సీజను. బ్లౌజులు మీద మీద పడి ఉన్నయ్."

"దుకాణంలయి అందరు ఏస్కుంటరు. నాకు నీ చేతి పని గావాలె."

ఆ మాట తర్వాత ఇంకేం బేరం ఉంటుంది? నెమలి పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. నెమలి ఆడవాళ్ల బ్లౌజు వీపు మీద తీరిగ్గా కూర్చుంటుంది కానీ మగవాడి కాలర్ మీద ఇరుకున పడుతుంది. తంగేడు పూలు పెడతానన్నాను. కాలర్ చుట్టూ, గుండీల పట్టీ వెంట, చేతుల అంచుల మీద చిన్న చిన్న గుత్తులు. మధ్యలో సన్నగా జరీ. వాడు సరేనన్నాడు.

పసుపు రంగు దగ్గరే నా ప్రాణం పోయింది. బజారులో దొరికే పసుపు దారం ఆ మీగడ రంగు మీద కొట్టొచ్చినట్టు కనబడింది, బండి మీద రాసిన బోర్డులాగా. ఒకసారి సగం కాలర్ కుట్టి ఊడదీశాను. చివరికి నిమ్మపండు రంగు దారం ఒక పోగు, పచ్చి పసుపు రంగు దారం ఒక పోగు కలిపి కుడితే తంగేడు పువ్వు అనిపించింది. ఆకుపచ్చ దారం తడిబట్టతో అద్ది చూస్తే రంగు వదిలింది. దాన్ని పక్కన పడేసి వేరేది తెప్పించాను. బయటివాళ్ల బ్లౌజుల పని మధ్య, పొద్దునా మాపూ దొరికిన వేళల్లో కుట్టాను. అవ్వ పక్కన కూర్చుని, "కండ్లు పోతయే, జర లెవ్వు" అని తిడుతూ ఉండేది. పని పూర్తయ్యాక మా వీధి టైలరు దాన్ని అంగీగా చేసి ఇచ్చాడు.

వాడు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ముందుకు తిరిగాడు, పక్కకు తిరిగాడు, చేతి అంచును వెలుతురులో పట్టుకుని చూశాడు.

"గిసుంటి అంగీ ఎవ్వని ఒంటి మీద ఉండదక్కా," అన్నాడు.

బాపు ఉండి చూస్తే బాగుండేదని అవ్వ కళ్లు తుడుచుకుంది. నాకూ అదే అనిపించింది.

రిసెప్షన్ కరీంనగర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఆడపిల్ల వాళ్లు కరీంనగర్‌లో పేరున్న కుటుంబం, వాళ్ల నాయిన కాంట్రాక్టరు. స్టేజీ మీద నేను తమ్ముడి వెనకాల నిలబడి, వచ్చిన కానుకల సంచులు అందుకుని పక్కన పెడుతున్నాను. పెళ్లికూతురి పెద్దమ్మ ఒకావిడ అక్షింతలు వేసి, వాడి చెయ్యి పట్టుకుని, అంచు మీద పువ్వులను వేలితో నిమిరింది.

"పని ఎంత మంచిగుంది అల్లుడు! ఎవరు జేసిన్రు?"

వాడు వెనక్కి తిరిగి నన్ను చూపిస్తాడని, నేనేమో సిగ్గుపడతానని, ఆవిడ ఏమంటుందో అని క్షణంలో ఏవేవో అనుకున్నాను. చేతిలో సంచి పక్కన పెట్టి కొంగు సర్దుకున్నాను కూడా.

"హైదరాబాద్‌ల తీసుకున్న అత్తమ్మా. బంజారాహిల్స్‌ల డిజైనర్ దుకాణం," అన్నాడు వాడు.

ఆవిడ "అందుకే గట్లుంది" అని నవ్వి వెళ్లిపోయింది. నేను వెనకాలే ఉన్నానని వాడికి తెలుసు. ఒక్కసారి భుజం మీదుగా నా వైపు చూసి, వెంటనే ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు.

నేను సంచులు అందుకుంటూనే ఉన్నాను. పెళ్లి హడావుడిలో నోటికి ఏదొస్తే అది అన్నాడేమో, ఆవిడకు వివరంగా చెప్పే తీరిక లేక అలా అన్నాడేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అవ్వ కింద భోజనాల దగ్గర ఉంది, ఆమెకు ఇదేమీ తెలియదు. నేను కూడా చెప్పలేదు. వాడే ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఆ రోజు గట్ల అన్న, ఏమనుకోకు" అంటాడని ఎదురుచూశాను. ఫోన్లు వచ్చాయి. కొత్త కాపురం, కొత్త గ్యాస్ కనెక్షన్, అత్తగారు పెట్టిన ఫ్రిజ్ గురించి చెప్పాడు. అంగీ మాట ఎత్తలేదు.

మళ్లీ ఆ మాట ఎత్తింది మా మరదలు. పెళ్లయిన కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. నేను మగ్గం ముందు కూర్చుని, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నాను.

"వదినె, ఒకటి అడగాలె. ఆయన రిసెప్షన్ అంగీ ఉంది గదా, పువ్వులది. మా సుట్టాల పెండ్లికి మల్ల ఏస్కున్నడు. కాలర్‌కు చెమట మరక పడ్డది. హైదరాబాద్‌ల కొన్నదట, మస్తు ఖరీదైనదట. నాకేమో ముట్టుకోవాలంటెనే భయమైతుంది. మీకు బట్టలు ఉతుకుడు మంచిగ తెలుసని ఆయన ఎప్పుడు అంటుంటడు. డ్రై క్లీనింగ్‌కు ఇయ్యాల్నా, ఇంట్ల ఉతుకొచ్చునా?"

నా చేతిలో సూది ఆగిపోయింది.

బయటివాళ్ల ముందు గొప్పకు పోయి ఒక మాట అన్నాడనుకున్నాను కదా. కట్టుకున్న భార్యకు కూడా అదే చెప్పాడు. అంతే కాదు, అదే నోటితో మా అక్క బట్టలు బాగా ఉతుకుతుందని కూడా చెప్పాడు. ఆ పిల్ల అబద్ధమాడడం లేదు, వెటకారం చేయడం లేదు. తనకు తెలిసింది చెబుతోంది.

"మెషిన్ల ఎయ్యకమ్మా," అన్నాను చివరికి. "దాన్ని గట్లనే పెట్టు. ఎప్పుడన్న గిటు వచ్చినప్పుడు తీసుకరా. నేను ఉతికిస్త."

ఒక శుక్రవారం వాళ్లిద్దరూ వర్గల్ సరస్వతి గుడికి పోతూ దారిలో మా ఇంటి ముందు కారు ఆపారు. టీ తాగి వెళ్తామన్నారు. తమ్ముడు కుర్చీలో కూర్చుని అవ్వతో మాట్లాడుతుండగా మరదలు బ్యాగులోంచి అంగీ తీసి నా చేతిలో పెట్టింది.

వాడి ముఖం మారిపోయింది. "గిదెందుకు తెచ్చినవ్? డ్రై క్లీనింగ్‌కు ఇద్దమంటి గదా," అన్నాడు.

"వదినె తెమ్మన్నరు. సాయంత్రం వాపస్ వచ్చేటప్పుడు తీస్కపోదం."

అవ్వ కూర తెంపుతానని పెరట్లోకి లేచి వెళ్లింది. ముగ్గురమే ఉన్నాం. నేను అంగీని విప్పి చూశాను. కాలర్ లోపలి వైపు మట్టి రంగులో చెమట గీత పడి ఉంది. సెంటు కొట్టిన చోట జరీ కాస్త నల్లబడింది. చేతి అంచు మీద గడియారం పట్టీకి తగులుకుని ఒక పువ్వు రెక్క లేచిపోయింది. వాడు నన్నే చూస్తున్నాడు. వాడికి ఒక దారి ఇవ్వాలనిపించింది. ఇక్కడ బయటివాళ్లు ఎవరూ లేరు. నవ్వుతూ ఒక్క మాట అంటే సరిపోతుంది. అందరం నవ్వేసి టీ తాగుతాం.

"మంచిగుందిరా పని. ఏడ కొన్నవ్?" అని అడిగాను.

నా కళ్లలోకి చూస్తూనే అన్నాడు. "హైదరాబాద్‌లనే. చెప్పిన గదక్కా."

గొంతు ఏమాత్రం తడబడలేదు. నేను ఏదో మరిచిపోతే గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. ఫంక్షన్ హాల్లో వాడి వెనక నుంచి విన్న మాట వేరు. ఇది నా ముఖం మీద, నా ఇంట్లో, నేను కుట్టిన బట్ట నా చేతుల్లో ఉండగా అన్న మాట. నేను ఎదురు చెప్పనన్న ధీమా వాడిది. నిజమే, చెప్పలేదు. వాడు కారు టైర్లలో గాలి కొట్టించుకుని వస్తానని లేచి వెళ్లిపోయాడు.

మరదలు నా వెంట పెరట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. ఎట్లా ఉతకాలో తానూ నేర్చుకుంటానంది. అవ్వ పంపు పక్కన కూర్చుని పుంటికూర తెంపుతోంది.

కోపంగా ఉన్నప్పుడు కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ముందు ఒక తెల్ల గుడ్డ తడిపి పువ్వుల మీద అద్ది చూపించాను.

"గిట్ల అద్దితె గుడ్డకు రంగు అంటొద్దు. అంటితె నీళ్లల ముంచద్దు. గీనికి అంటలే సూడు. ఇగ భయం లేదు."

గుండీలు పెట్టి అంగీని లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పాను. కుంకుడుకాయల రసం వడకట్టి చల్లటి నీళ్లలో కలిపాను. కుంకుళ్లు లేకపోతే చంటిపిల్లల షాంపూ కొంచెం వేసినా చాలునని చెప్పాను. నానబెట్టి మరిచిపోవద్దని, బ్రష్ దగ్గరికి కూడా రానివ్వద్దని, కాలర్ మరక మీద మాత్రం ఆ నురగనే వేలితో మెల్లగా అద్దాలని చూపించాను. ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించి శ్రద్ధగా చూస్తోంది.

"నేను జేస్త వదినె," అని చెయ్యి పెట్టింది. అలవాటుకొద్దీ రెండు చేతులతో పట్టి పిండబోయింది.

అప్పుడు అవ్వ కూర తెంపుతూనే తల ఎత్తింది.

"అయ్యో, పిండకు బిడ్డా! గా పువ్వులకు మీ వదినె ఎంత గోస పడ్డదో నాకెరుక. పసుపు దారం కుదరక సగం కాలర్ ఊడదీసి మల్ల కుట్టింది. కండ్లు పోతయంటె ఇన్నదా?"

మరదలు చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "ఏ పువ్వులకు అత్తమ్మా?"

"గివ్వే బిడ్డా, మీ ఆయన అంగీ మీదియే. ఇంకేడియి?"

అవ్వ మళ్లీ కూరలో పడింది. ఆమెకు ఏమీ తెలియదు. మరదలు నా వైపు తిరిగింది. ముఖం ఎర్రబడింది.

"వదినె, గిది మీరు కుట్టిన్రా?"

కాదని అనవచ్చు. అవ్వకు మతిమరుపు, ఇంకేదో బట్ట అనుకుని అంటోందని అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాడు లోపల నా కళ్లలోకి చూస్తూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ అబద్ధానికి నా నోటితో మరొకటి కలపలేకపోయాను.

"ఔనమ్మా," అన్నాను.

తడి అంగీ బరువుకు కుట్టు లాగకుండా ఇద్దరం రెండు చేతులా పట్టి ఎత్తాం. తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేశాం. దండెం మీద వేయకుండా, వసారాలో నీడకు నులక మంచం మీద దుప్పటి పరిచి దాని మీద ఆరేశాం. చేతులు తుడుచుకునేటప్పుడు ఆమె నా ముఖంలోకి చూడలేదు.

తమ్ముడు వచ్చి హారన్ కొట్టాడు. సాయంత్రం భోజనానికి ఆగమని చెప్పాను. వాడు సరేనన్నాడు. నేను కోడికూర వండాను, పుంటికూర పప్పు చేశాను. చీకటిపడ్డాక కూడా కారు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గల్లీలోకి రాకుండా పెద్ద రోడ్డు మీదుగానే నేరుగా కరీంనగర్ వెళ్లిపోయారు. అంగీ మంచం మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వాడే ఫోన్ చేశాడు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదక్కా," అన్నాడు పలకరింపు కూడా లేకుండా.

"నేనేం జేసిన్రా?"

"అవ్వతోని నువ్వే చెప్పిచ్చినవ్. నాకు తెల్వదా? కావాలనే గా అంగీ తెమ్మన్నవ్, కావాలనే అవ్వను గాడ కూసోబెట్టినవ్."

"అవ్వకు నువ్వు చెప్పిన అబద్ధమే తెల్వదురా. తెలిస్తె గదా చెప్పేది, దాచేది?"

"కారుల ఎక్కినకాన్నుంచి ఆమె మొకం మాడ్చుకొని కూసున్నది. గుడిల గూడ మాట్లాడలే. ఇంటికొచ్చినంక నన్ను అబద్ధాలకోరు అంటుంది."

"మరి ఏమనాలె?"

వాడు గొంతు తగ్గించాడు. అప్పుడు చెప్పింది నేను ఎన్నటికీ మరిచిపోలేను.

"పెండ్లి సూపులప్పుడు వాళ్లు అడిగిన్రక్కా, మీ అక్క ఏం జేస్తదని. ఇంట్లనే ఉంటదన్న. బావకు దుబాయిల సొంత బిజినెస్ అన్న. గంత పెద్దోళ్లకు, మా అక్క మందికి కూలికి కుడుతదని ఎట్ల చెప్పాలె?"

కూలికి. ఆ మగ్గం ముందు కూర్చునే వాడి ఫీజులు కట్టానని నేను అనలేదు. ఆ లెక్క ఎన్నడూ వేసుకోలేదు, ఆ రోజూ వేయదలుచుకోలేదు. నాకు ఒక్కటే తెలుసుకోవాలనిపించింది.

"మరి నన్నెందుకు కుట్టుమన్నవ్? దుకాణంల కొనుక్కుంటె అయిపోవు గదా."

"నీ పని మంచిగుంటది గాబట్టి."

"నా పని మంచిగుంటది. నేను మంచిగుండనా?"

"నీకు సమజ్ కాదక్కా," అని ఫోన్ పెట్టేశాడు.

నేను అవ్వ దగ్గరికి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఫంక్షన్ హాల్లో విన్నది, మరదలు ఫోన్‌లో అడిగింది, నిన్న వాడు నా ముందు అన్నది, ఈ పొద్దున అన్నది. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటుందని అనుకున్నాను. వాడికి ఫోన్ చేసి నాలుగు దులుపుతుందని అనుకున్నాను.

అవ్వ అంతా విని తల పట్టుకుంది. "ముందుగాలనే నాకెందుకు చెప్పలేదే? తెలిస్తె నోరు మూసుకుందు గదా."

"అంటె నువ్వు గూడ దుకాణంల కొన్నదే అందువా?"

"కొత్త సంసారం బిడ్డా. వాడు ఏదో అనుకొని అన్నడు. పిల్ల అలిగిందంటె వాని గతేంది? నువ్వు పెద్దదానివి, జర సైసు."

నేను కుడుతుంటే ప్రతి పువ్వునూ చూసిన మనిషి ఆమె. కళ్లు పోతాయని తిట్టిన మనిషి. ఆమెకు కూడా నేను సహించవలసిన దాన్నే. వాడి మీద వచ్చిన కోపం వేరు, అది మండి మండి ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుందని తెలుసు. అవ్వ మాటకు మాత్రం కోపం కూడా రాలేదు. ఏదో ఖాళీ అయినట్టు అనిపించింది. ఆ రోజు మగ్గం ముందు కూర్చోలేదు.

తర్వాత రోజు అంగీని చేతిలోకి తీసుకున్నాను. బాగా ఆరింది, చెమట గీత పోయింది. లేచిపోయిన రెక్కను మళ్లీ కుట్టాను. మందమైన తువ్వాలు పరిచి, పువ్వులు కిందికి ఉండేలా వేసి, పైన పల్చటి గుడ్డ కప్పి ఇస్త్రీ చేశాను. వాడి మీద ప్రేమతో చేశానని అనలేను. నా చేతి పని చెడిపోయి ఉండడం నాకు ఇష్టం లేదు, అంతే. పాత నూలు చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను. వాడు దాన్ని అడగలేదు, నేను పంపలేదు.

దసరా సెలవులు అయిపోయాక ఒక రోజు మరదలు ఒక్కతే బస్సులో వచ్చింది. నేను తలుపు తీసేసరికి గడపలోనే నిలబడి ఉంది, లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

"రా అమ్మా," అన్నాను.

కూర్చుంది. నీళ్లు తాగింది. గ్లాసును కింద పెట్టి మాట్లాడింది.

"నాకు సిగ్గయితుంది వదినె. మీకే ఫోన్ జేసి, మీరు కుట్టిన అంగీని హైదరాబాద్‌ల కొన్నరని మీకే చెప్పిన. ఎట్ల ఉతకాల్నో మిమ్మల్నే అడిగిన. మీరు ఏమనుకున్నరో అని నిద్ర పడుతలేదు."

"నీకేం తెలుసమ్మా. నీ తప్పేముంది?"

"మా నాయిన గూడ సెంట్రింగ్ కూలీగ మొదలువెట్టినోడే. మీ తమ్మునితోని గదే అన్న. మా ఇంట్ల ఎవరన్న కుట్టుపనిని తక్కువ జేసి మాట్లాడిన్రా, ఎప్పుడన్న ఇన్నవా అని అడిగిన."

ఆ మాట విన్నాక నాకు ఇంకా కష్టమనిపించింది. ఎదుటివాళ్లు చిన్నచూపు చూస్తారని భయపడి దాచాడని కనీసం ఒక కారణం ఉండేది. వాళ్లు అట్లాంటివాళ్లు కాదు. చిన్నచూపు వాడిదే. మా వంటింట్లో కూర్చుని చదువుకున్నప్పటి నుంచీ, నా చేతి అన్నం తింటున్నప్పటి నుంచీ వాడి లోపల ఉన్నదే. నాకే కనబడలేదు.

బీరువాలోంచి అంగీ తీసి ఆమె ముందు పెట్టాను.

"ఆయన ఏస్కోకున్నా మంచిదే, నా దగ్గర ఉంటది," అంది. ఎట్లా దాచాలని అడిగింది. మడత పువ్వుల మీద పడకుండా మడవడం చూపించాను. ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దని, జరీకి నాఫ్తలీన్ గోలీలు తగలనివ్వద్దని, అప్పుడప్పుడు తీసి నీడలో గాలికి పెట్టి మడత మార్చాలని చెప్పాను. తలూపుతూ విన్నది. పోయేటప్పుడు నా చేతులు రెండూ పట్టుకుంది. మంచి పిల్ల. ఇప్పటికీ వారం పది రోజులకోసారి ఫోన్ చేస్తుంది. కానీ ఆమె మంచితనం ఆమెదే. వాడు మాట్లాడవలసిన మాట ఆమె మాట్లాడితే సరిపోదు.

వాడు ఫోన్ చేస్తే అవ్వతో మాట్లాడతాడు. నేను ఎత్తితే, "అవ్వ గోలీలు ఏస్కుంటున్నదా?" అని అడుగుతాడు. మందులు వేసుకుంటోందని చెబుతాను. అంతకుమించి ఇద్దరికీ మాటలు లేవు. అవ్వ అప్పుడప్పుడు, "ఒక్కతల్లి పిల్లలు గిట్లుంటరా" అని గొణుగుతుంది. నేను విననట్టు ఊరుకుంటాను.

ఈ మధ్య బాపు సంవత్సరీకానికి అందరం ఊరికి వెళ్లాం. మా చిన్నాయిన ఇంట్లో వంటలు. తమ్ముడు తన బ్యాంకులో పనిచేసే స్నేహితుణ్ని వెంట తెచ్చాడు, నంగునూరులో ఆయనకేదో పనుందట. నేను వాకిట్లో భోజనాల ఆకులు కడుగుతుంటే ఇద్దరూ కారు దిగి వచ్చారు. తప్పించుకునే వీలు లేకపోయింది.

"మా అక్క," అన్నాడు తమ్ముడు.

ఆ స్నేహితుడు మర్యాదస్తుడు. నమస్కారం పెట్టాడు. "సిద్దిపేటలనే ఉంటరట గదా అక్కా. ఏం జేస్తరు?" అని అడిగాడు.

నేను తమ్ముడి వైపు చూశాను. కావాలనే చూశాను. ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగాను. వాడు జేబులోంచి ఫోన్ తీసి ఏదో వెతుకుతున్నాడు.

"మగ్గం పని జేస్త," అన్నాను. "పెండ్లి బట్టల మీద పువ్వులు కుడుత. మీ ఇంట్ల ఎవరికన్న గావాల్నంటె చెప్పున్రి."

"చెప్త అక్కా, తప్పకుండ చెప్త," అన్నాడు ఆయన.

తమ్ముడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. లోపల్నుంచి చిన్నమ్మ ఆకులు తెమ్మని పిలిచింది. నేను తడి ఆకులు తీసుకుని లోపలికి వెళ్లాను.